రెండో చేతికి అందిన అక్షరం



పుట్టపర్తి నారాయణాచార్యులవారిని తలుచుకునే సభలో, లేని భాషలకు లేని అక్షరాలు తయారుచేసే పని గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు మొదట కాస్త తటపటాయించారు. కావ్యాల ఊసెత్తకుండా ఇదేం విషయమని వాళ్ల అనుమానం. అయితే ఆచార్యులవారు చియ్యేడులో పుట్టి ఈ పెనుకొండలో పెరిగినవారు. బాల్యంలో రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ తర్వాత తానే కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైన ముచ్చట మీకందరికీ తెలిసిందే. పద్నాలుగు భాషలు వచ్చునని ఆయన గురించి చెప్పుకుంటాం కానీ, అన్ని భాషలు నేర్చుకున్నవాడు ఎన్ని రకాల అక్షరాలు చేత్తో దిద్ది ఉంటాడో ఎవరూ లెక్కపెట్టరు. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళంలోకి తీసుకుపోవాలంటే ఆ అక్షరాలు చేతికి లొంగాలి, కంటికి అలవాటు పడాలి. నేను మాట్లాడేది ఆ చెయ్యి, ఆ కన్ను గురించే.

మనకు దగ్గరి ఉదాహరణతో మొదలుపెడతాను. 2015లో ‘బాహుబలి’ సినిమా వచ్చింది. కాలకేయులు యుద్ధభూమిలో ఏదో అరుస్తుంటే హాలంతా నోరు తెరుచుకుని చూసింది. అది నోటికొచ్చిన గోల కాదు. తమిళ పాటల రచయిత మదన్ కార్కీ దానికి సుమారు 750 మాటలు, 40 దాకా వ్యాకరణ సూత్రాలు కూర్చాడు. పేరు కిలికి. ఆస్ట్రేలియాలో ఉన్న రోజుల్లో పిల్లలతో ఆడుకోవడానికి కల్పించుకున్న భాష దీనికి మూలమట. అందులో ‘మిన్’ అంటే నేను, తిరగేసి ‘నిమ్’ అంటే నువ్వు. 2020 ఫిబ్రవరి 21న, మాతృభాషా దినోత్సవం నాడు, కిలికి వెబ్‌సైటును ఆ సినిమా దర్శకుడు రాజమౌళి విడుదల చేశాడు. భాషతో పాటు దాని అక్షరాలు కూడా అప్పుడే జనంలోకి వచ్చాయి. తెరమీద కాలకేయ నాయకుడు ఒక్క అక్షరం రాయలేదు. భాష ముందొచ్చింది, రాత వెనకాల వచ్చింది. లోకంలో మామూలుగా జరిగేదీ ఇదే కదా.

కిలికిలో నాలుక చప్పుళ్లున్నాయి. అలాంటి చప్పుడుకు అక్షరం కట్టడం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. పక్కింట్లో ఏదో చెడు జరిగిందని వింటే నాలుకను పళ్ల వెనక ఆనించి ఒక చప్పుడు చేస్తాం. కథల్లో దాన్ని ‘ప్చ్’ అని రాస్తాం. ఆ చప్పుడులో ప లేదు, చ అంతకన్నా లేదు. గాలి బయటికి పోదు, లోపలికి వస్తుంది. యాభై పైచిలుకు అక్షరాల వర్ణమాల పెట్టుకుని కూడా రోజూ చేసే చప్పుడును మనం రాయలేం. ఎడ్లను అదిలించే చప్పుడు సంగతి సరేసరి. దక్షిణాఫ్రికా ఖోసా భాషలో ఇలాంటి చప్పుళ్లే మాటల్లో హల్లులు. వాటికోసం ప్రత్యేకంగా అక్షరాలు చేయలేదు, రోమన్ లిపిలో ఖాళీగా పడి ఉన్న సి, క్యూ, ఎక్స్ అక్షరాలను ఆ పనికి పెట్టుకున్నారు. లిపి కల్పించేవాడికి ఇదొక దారి. ఉన్నదాన్ని వాడుకోవడం. మనకు మాత్రం కొత్త గీతలంటేనే మోజు.

ఆ గీతలు గీయడం అసలు కష్టమే కాదు. ఒక కుర్రాడి చేతికి తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి కూర్చోబెడితే సాయంత్రానికి ముప్పై ఆకారాలు తయారు చేస్తాడు. ఒకటి కత్తిలా, ఒకటి చంద్రవంకలా, అన్నిటికీ చివర ఒకే రకం వంపు. చూడముచ్చటగా ఉంటాయి. సినిమాల్లో, ఆటల్లో కనిపించే కల్పిత లిపుల్లో చాలా వాటి స్థాయి ఇంతే. వాటిని చూడగానే నాకు ఒకటి తడుతుంది: వీటిని ఎవరూ తొందరలో రాసి ఎరగరు. బస్సు కదిలిపోతుండగా ఫోన్ నంబరు రాసుకున్నట్టు, చింతపండు మూటల తూకం పట్టీ గబగబా గిలికినట్టు ఎవరూ రాయలేదు. అరిగిన జాడే ఉండదు వాటిలో. నా మాట ఒక్కటే. కల్పించినవాడు రాసినంతసేపూ అది బొమ్మ. రెండో మనిషి తొందరలో రాయాలి, ఆ రాతను మూడో మనిషి తప్పులేకుండా చదవాలి. లిపి పుట్టుక అప్పుడే. అంచేత కల్పించేటప్పుడే ఆ తొందరను లెక్కలోకి తీసుకోవాలి.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. సాక్ష్యం మన ఎర్రమంచి దగ్గరే ఉంది. 2017లో కియా కార్ల ఫ్యాక్టరీ ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. దాని వెంట కొరియావాళ్లు వచ్చారు, వాళ్ల భోజనశాలలు వచ్చాయి, హైవే పక్కన వాళ్ల అక్షరాలతో బోర్డులు లేచాయి. ఆ బోర్డులను వింత బొమ్మల్లా చూసి ముందుకు పోతాం కానీ, ప్రపంచంలో పుట్టినతేదీ ఉన్న లిపుల్లో అన్నిటికన్నా పేరున్నది అదే. సెజోంగ్ అనే రాజు 1443లో 28 అక్షరాలతో పూర్తిచేసి 1446లో ప్రజలకిచ్చాడు. దాని పేరు హాంగుల్.

కియా పేరునే వాళ్ల రాతలో చూద్దాం. రెండు గడులు. మొదటి గడిలో ఎడమ పక్క ఒక అడ్డగీత, దాని కుడికొస నుంచి కిందికి దిగిన గీత, అంటే మూల తిరిగిన గీత. అది క-గ మధ్య పలికే హల్లు. ఆ శబ్దం పలికేటప్పుడు నాలుక వెనకభాగం పైకి లేచి గొంతుకు అడ్డం పడుతుంది. ఆ నాలుకను పక్కనుంచి చూస్తే కనిపించే ఆకారం అది. దాని పక్కన నిలువుగీత ‘ఇ’. రెండో గడిలో ఒక సున్న. అక్కడ హల్లు లేదని చెప్పే గుర్తు అది, గొంతు ఆకారం. పక్కన నిలువుగీత, దాని నడుముకు కుడివైపు చిన్న పుల్ల. అది ‘ఆ’. చూశారా, కొరియన్ ఒక్క ముక్క రాకపోయినా ఇప్పుడు మీరు ఫ్యాక్టరీ పేరు చదివేశారు. హల్లుకు అచ్చును చేర్చి ఒకే గడిలో ఇమిడ్చే పద్ధతి గుణింతాలు దిద్దిన మనకు కొత్తదీ కాదు. శబ్దాలను గొంతు, నాలుక, పళ్లు, పెదవులని విభజించి చూసే చదువు మన దేశం నుంచే బౌద్ధంతో చీనాకు, అక్కడినుంచి కొరియాకు చేరింది.

ఇందులో మనకు చుట్టరికం తగిలేది ఇంకోచోట. క శబ్దాన్ని ఒత్తి పలకాలంటే సెజోంగ్ కొత్త అక్షరం చేయలేదు. ఉన్న అక్షరానికి ఒక గీత చేర్చాడు. త, ప శబ్దాలకూ అంతే. మన పలక మీద చూడండి. ద కింద గీత పెడితే ధ, డ కింద పెడితే ఢ, చ కింద ఛ, ప కింద ఫ, బ కింద భ. అదే ఉపాయం. సెజోంగ్ కావాలని చేసింది మన రాయసగాళ్ల చేతుల్లో తనంతట తాను సగం దూరం నడిచి వచ్చింది. సగం దూరమే. ఖ, ఘ, ఝ, ఠ ఆ లెక్కకు లొంగవు. చరిత్రలో పెరిగిన లిపికీ కూర్చుని చేసిన లిపికీ అక్కడే తేడా. ఒకదానికి మినహాయింపులుంటాయి, ఇంకోదానికి ఉండవు.

మినహాయింపులు లేకపోవడం మంచిదే కదా అంటారు. కాదని నా అభిప్రాయం, కనీసం అన్నిచోట్లా కాదు. టోల్కీన్ తన నవలల్లోని ఎల్ఫ్‌ల కోసం చేసిన తెంగ్వార్ లిపిలో హల్లు అంటే ఒక కాడ, ఒక గుండ్రటి వంపు. వంపును రెండు చేస్తే శబ్దం మారుతుంది, కాడను కిందికో పైకో లాగితే ఇంకోరకంగా మారుతుంది. తర్కానికి అంతకన్నా ముద్దొచ్చే లిపి లేదు. పేజీ నిండా రాసి చూస్తే అక్షరాలన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉండి కన్ను జారిపోతుంది. బెర్నార్డ్ షా వీలునామా డబ్బుతో ఇంగ్లీషుకు చేయించిన లిపిదీ అదే తంతు. 48 అక్షరాల ఆ లిపిలో 1962లో ఆయన నాటకం ఒకటి అచ్చయింది. ప శబ్దపు అక్షరాన్ని తలకిందులు చేస్తే బ. ఇవన్నీ బల్ల ముందు కూర్చున్నవాడికి అందంగా తోచే ఏర్పాట్లు. చిన్నపిల్లలు బి, డి అక్షరాలను తారుమారు చేసి ఏళ్లతరబడి తన్నుకులాడటం చూసినవాడు ఎవడూ అద్దంలో బొమ్మల్లాంటి జంట అక్షరాలు పెట్టడు. ‘మిన్’ను తిరగేసి ‘నిమ్’ చేయడం నోటికి సరదాగా ఉంటుంది. కంటికి మాత్రం పోలికకన్నా తేడా ముఖ్యం. చదివే కన్ను వెతికేది తేడానే.

సెజోంగ్ కూడా దీనికి అతీతుడు కాదు. ఆయన మొదటిగా చేసిన అచ్చుల్లో గుండ్రటి చుక్క ఉండేది. చుక్క ఆకాశం, అడ్డగీత నేల, నిలువుగీత మనిషి. ఇందాక ‘ఆ’లో పుల్ల అన్నాను చూడండి, అది మొదట చుక్కే. ఎంత గొప్ప భావన! కుంచె పట్టినవాడికి నిండుగా గుండ్రటి చుక్క పెట్టడం ఎంత చిరాకు పనో రాజుకు తట్టలేదు. కొద్ది ఏళ్లకే చుక్క సాగి పుల్ల అయింది. ఆకాశం పోయింది, రాత మిగిలింది. 28లో నాలుగు అక్షరాలు కాలక్రమంలో రాలిపోయాయి, ఇప్పటి మూలాక్షరాలు 24.

కొలువులో పండితులు ఈ లిపిని ఊరికే ఒప్పుకోలేదు. చో మల్లి అనే పండితుడు 1444లోనే అభ్యంతరపత్రం పెట్టాడు. చీనా అక్షరాలు వదిలితే అనాగరికులమవుతామని ఆయన బాధ. 1504లో ఇంకో రాజు, తనను తిడుతూ హాంగుల్‌లో గోడపత్రాలు వెలిశాయని, ఆ లిపి మీద నిషేధం పెట్టాడు. నాకు ఆ గోడపత్రాల సంగతి అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. రాజుగారిచ్చిన అక్షరాలతో రాజునే తిట్టేవాడు పుట్టాడంటే లిపి చేతులు మారిందన్నమాట. అప్పటికి దాని వయసు అరవై ఏళ్లు. ఆడవాళ్ల ఉత్తరాల్లో, కథల్లో, మామూలు జనం రాతల్లో అది బతికింది. ప్రభుత్వ కాగితాలకు అది పనికొస్తుందని ఒప్పుకున్నది 1894లో.

రాజు వెనక ఉంటే లిపి నిలుస్తుందనుకునేవారికి ఎదురు ఉదాహరణ కుబ్లై ఖాన్. 1269లో ఫగ్స్‌పా అనే టిబెటన్ గురువు చేత సామ్రాజ్యంలోని అన్ని భాషలకూ ఒకే లిపి చేయించి ఫర్మానా జారీచేశాడు. వంద ఏళ్లు తిరక్కుండా వంశం పోయింది, లిపీ పోయింది.

ధర్మవరం నేత సోదరులు కొందరు సభలో ఉన్నారు కాబట్టి పనిముట్టు గురించి ఒక మాట. మగ్గం మీద జకార్డు పెట్టి నేసేవాళ్లకు నేను చెప్పేది నవ్వులాటగా ఉండొచ్చు. డిజైను గీసేవాడు గ్రాఫు కాగితం మీద గడులు నింపుతాడు. దాని ప్రకారం అట్టలకు బెజ్జాలు కొడతారు. ఒక్కో అట్ట ఒక్కో వరుస పేకకు. బెజ్జం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది, లేనిచోట ఎత్తదు. కాగితం మీద మామిడిపిందె వంపు ఎంత నునుపుగా ఉన్నా చీర మీద అది మెట్లు మెట్లుగానే దిగుతుంది. అనుభవం ఉన్నవాడు ఆ మెట్లను ముందే కంటితో చూసి వంపును కాస్త అటూ ఇటూ జరుపుతాడు. కొంగు మీద పెళ్లికూతురి పేరు నేయమన్నారనుకోండి. మన ప, వ అక్షరాలకు తేడా ఎక్కడుంది? పైన తెరిచి ఉంటే ప, మూసుకుంటే వ. ఆ సందు ఒకటిరెండు పోగుల వెడల్పుకు తగ్గితే పద్మ కాస్తా వద్మ అవుతుంది. అందుకే అక్షరం చిన్నదయ్యేకొద్దీ ఆ సందును ఉన్నదానికన్నా వెడల్పు చేయాలి. కల్పిత లిపి చేసేవాడు నేర్వవలసిన మొదటి పాఠం ఇదేనంటాను. రెండు అక్షరాల మధ్య తేడా చిటికెడు సందు మీద ఆధారపడితే, మగ్గమైనా తొందరైనా ఆ సందును మూసేస్తుంది.

హిందూపురం వైపు వెళ్తే ఇంకో సంగతి. అక్కడి జనానికి గౌరిబిదనూరు బస్సు బోర్డు చదవడానికి కన్నడ బడికి పోవలసిన పనిలేదు. గ, ద, ర అక్షరాల ఒళ్లు రెండు భాషల్లోనూ ఒకటే. పైన మనకు తలకట్టు, వాళ్లకు అడ్డంగా సాగిన కప్పు. లేపాక్షిలో అచ్యుతరాయల నాటి శాసనాల ముందు నిలబడితే, ఇది తెలుగు రాతా కన్నడ రాతా అని కొత్తవాడు లిపిని బట్టి తేల్చలేడు. ఒకే లిపి రెండు చేతుల్లో రెండయింది, అచ్చుయంత్రం వచ్చాక ఆ తేడా గట్టిపడింది. ఇక్కడ తలకట్టు గురించి కాస్త పరుషంగానే చెబుతాను. తెలుగు లిపికి అది ముఖచిహ్నం, నిజమే. రాసేవాడికి మాత్రం చాలా అక్షరాలకు చెయ్యి ఎత్తి మళ్లీ దించే అదనపు పని. గబగబా రాసే ఏ చేతిరాతలోనైనా ముందు మాయమయ్యేది తలకట్టే, అయినా చదివేస్తాం. ఎక్కువ అక్షరాలకు ఉన్నది వాటిని ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయదు కదా. కొత్త లిపులు చేసే కుర్రాళ్లు ప్రతి అక్షరానికీ తగిలించే ఆ అందమైన కొస వంపు కూడా ఇలాంటిదే. మొదటి వారంలోనే అది రాలిపోతుంది.

ఇంతవరకు సరదా. ఇప్పుడు చెప్పేది అంత సరదా విషయం కాదు. లిపి లేని, నిజంగా జనం మాట్లాడే భాషలకు లిపి కల్పించడం మన రాష్ట్రంలోనూ, పక్క రాష్ట్రంలోనూ జరిగింది, జరుగుతోంది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చి, దానికి వాచకాలు రాసి, వ్యాకరణం, నిఘంటువులు చేశారు. సవర పిల్లల వాచకాలకు ఆయన వాడింది తెలుగు అక్షరాలు. ఆయన సవర పుస్తకాలు అచ్చవుతున్న కాలంలోనే, 1936లో, ఒడిశా గుణుపూరు ప్రాంతంలో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు 24 అక్షరాల సొంత లిపిని ప్రకటించాడు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. అక్షరాలకు దేవతల పేర్లు. ఆ లిపి ఒక మతంతో, పూజతో కలిసి ఊళ్లలోకి వెళ్లింది. 2012లో కంప్యూటర్ల అక్షరపట్టిక అయిన యూనికోడ్‌లో చేరింది.

పంతులుగారిది తప్పా, గొమాంగోది తప్పా అని నన్నడిగితే ఇద్దరినీ సమర్థిస్తాను. అది గోడమీద పిల్లివాటం కాదు. పంతులుగారు బడికి పోయే పిల్లవాడిని చూశారు. వాడు రేపు కచేరీలో, బజారులో చదవవలసినది తెలుగే. గొమాంగో తన జాతిని చూశాడు. పక్కవాళ్లందరికీ లిపి ఉంది, మాకు లేదన్న చిన్నచూపు ఆయనకు తెలుసు. ఇక మన కాలంలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంగ్లీషు ఆచార్యురాలిగా పనిచేసిన సత్తుపాటి ప్రసన్నశ్రీ భగత, గదబ, జాతాపు, కోయ, పోర్జ మొదలైన 19 గిరిజన భాషలకు లిపులు కల్పించారు. 2021 నారీశక్తి పురస్కారం ఆమెకు దక్కింది. ఆ శ్రమ ముందు తల వంచుతూనే ఒక మాట అంటాను. ఒక్క మనిషి చేతి నుంచి ఇన్ని లిపులు వెలువడినప్పుడు, ఒక్కో లిపికీ ఆ ఊళ్లలో రెండో చెయ్యి దొరకడం గీయడంకన్నా ఎన్నో రెట్లు పెద్ద పని. బడిలో గిరిజన భాషల వాచకాలను ప్రభుత్వం తెచ్చినప్పుడు వాడింది తెలుగు లిపినే. ఆ పిల్లలకు సొంత లిపిలో రాయవలసిన సందర్భం వారానికి ఒక్కసారైనా రావాలి. అది ఉత్తరమా, పాటల పుస్తకమా, జాతర కరపత్రమా, ఏదైనా సరే.

అలా జరిగిన చోటు ఒకటుంది. పశ్చిమాఫ్రికా గినీలో 1989లో ఇద్దరు అన్నదమ్ములు, ఇబ్రహీమా, అబ్దులాయె బారీ, పద్నాలుగేళ్లవాడు, పదేళ్లవాడు, ఇంట్లో తలుపేసుకుని తమ ఫులానీ భాషకు అక్షరాలు గీయడం మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని గీసి, వచ్చిన ఆకారాల్లో నచ్చినవి ఏరుకున్నారట. తర్వాత చెల్లెలికి నేర్పారు. ఆమె ఇంకొకరికి, వాళ్లు సంతల్లో వ్యాపారులకు. పుస్తకాలను చేత్తో నకళ్లు రాసి పంచారు. అద్లం అనే ఆ లిపి 2016లో యూనికోడ్‌లోకి వచ్చింది. నాకు నచ్చిన ముక్క ఆ తర్వాతిది. వాడేవాళ్ల అనుభవాన్ని బట్టి అక్షరాల ఆకారాలను ఆ అన్నదమ్ములే మళ్లీ దిద్దించారు. తమ బొమ్మే చెల్లాలని పంతం పట్టలేదు. స్టార్ ట్రెక్ అభిమానుల క్లింగాన్ లిపి కథ దీనికి పూర్తిగా తలకిందులు. లోకమంతా పేరున్నా, ఆ భాష రాసేవాళ్లు కూడా ఎక్కువగా రోమన్ లిపిలోనే రాస్తారు. 2001లో యూనికోడ్ వాళ్లు దాన్ని తోసిపుచ్చడానికి అదొక కారణం.

మన వర్ణమాలకే అతికించిన కల్పనలు చెప్పి ముగిస్తాను. ‘చలి’లో చ వేరు, ‘చిలక’లో చ వేరు. ఈ తేడా చూపడానికి ౘ, ౙ అని పైన గుర్తు పెట్టిన అక్షరాలున్నాయి. నిఘంటువుల్లో కనిపిస్తాయి, 2008లో యూనికోడ్ వాటికి స్థానమిచ్చింది కూడా. చీటీలో, ఉత్తరంలో, బోర్డు మీద వాటిని రాసినవాణ్ని మీరెవరైనా చూశారా? తెలుగువాడికి ఏ చ ఎక్కడ పలకాలో గుర్తు లేకుండానే తెలుసు, ఇక పెన్ను ఎందుకు ఎత్తుతాడు?

రెండో కల్పన ఇంగ్లీషు నుంచి వచ్చిన శబ్దం కోసం. బ్యాంకు, ట్యాక్సీ, ప్యాంటు, క్యాంటీను. ఆ అచ్చుకు మనకు అక్షరం లేదు. పండితుల్లో కొందరు దానికోసం కొత్త గుర్తులు సూచించారు. జనం వాటికోసం ఆగలేదు. ఉన్న యవత్తును, ఉన్న దీర్ఘాన్ని కలిపి పని కానిచ్చేశారు. ఆ కూర్పును అక్షరాలా పలికితే ఆ శబ్దం రాదు. అయినా పెనుకొండలో బోర్డు రాసే పెయింటరు మొదలు ఏటీఎం తెర దాకా అందరూ అదే రాస్తున్నారు, ఒక్కరూ తప్పు చదవడం లేదు. దానికి ఏ ఒక్కరి పేరూ అంటుకోలేదు. పాత పత్రికల్లో ‘బాంకు’ అనీ, ‘బేంకు’ అనీ, ‘బ్యాంకు’ అనీ మూడు రకాలుగా కనిపిస్తుంది. ఏది ఎప్పుడు గెలిచిందో, ఏ ఊరి చేతులు ముందు మొగ్గాయో పాత పత్రికలు ముందేసుకుని ఎవరైనా వెతకవచ్చు. అనంతపురం వైపు కళాశాలల్లో తెలుగు పరిశోధకులకు అంశం కావాలంటే ఇది తీసుకోండి, నాకు తెలిసినంత నేను సాయం చేస్తాను.